పక్క సీటులో ఉన్న కళ్లు

నెమలికంఠం రంగు పట్టుచీరను వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూడని ఆడవాళ్లుంటారా? ప్రొద్దుటూరు బట్టల షాపుల్లో రోజూ జరిగే ముచ్చటే ఇది. ఒక పక్కనుంచి నీలం, ఇంకో పక్కనుంచి పచ్చ. పడుగు ఒక రంగు, పేక ఇంకో రంగు కావడమే అందులోని కిటుకు. కార్లలో తెరలూ ఇప్పుడు ఇట్లాంటి విద్య నేర్చుకున్నాయి. డ్రైవరు వైపునుంచి చూస్తే దారి చూపే మ్యాపు, పక్క సీటులోంచి చూస్తే సినిమా. తెర మాత్రం ఒకటే!

ఇది నిన్నమొన్నటి వింత కాదు. జపాన్‌కు చెందిన షార్ప్ కంపెనీ 2005లోనే ఇటువంటి తెరను ప్రకటించింది. 2009లో మెర్సిడెస్ బెంజ్ తన ఎస్ క్లాస్ కార్లలో ‘స్ప్లిట్‌వ్యూ’ పేరుతో దీన్ని తెచ్చింది. తెర మీది చుక్కల్ని నిలువు వరుసలుగా విడదీసి, ఒక వరుస ఒక బొమ్మకు, దాని పక్క వరుస రెండో బొమ్మకు ఇస్తారు. ముందు సన్నని చీలికలున్న పొర ఒకటి అమరుస్తారు. తడిక సందుల్లోంచి చూసినట్టు, కుడివైపు వారికి కొన్ని వరుసలు, ఎడమవైపు వారికి మిగతావి కనిపిస్తాయి. సినిమా మాటలు డ్రైవరు చెవిన పడకుండా పక్కవారు హెడ్‌ఫోన్లు పెట్టుకుంటారు.

ఇంత తిప్పలెందుకు? వెనకటి వీడియో కోచ్ బస్సులు గుర్తున్నాయి కదా! టీవీ డ్రైవరు వీపు వెనక, మనవైపు తిరిగి ఉండేది. సినిమా మనది, రోడ్డు ఆయనది. కార్లలో తెర ముందుకొచ్చి ఇద్దరి మధ్యా కూర్చుంది. చిక్కంతా అక్కడ మొదలైంది.

“బెంజి కార్ల గొడవ మనకెందుకమ్మా” అనకండి. మహీంద్రా కంపెనీ 2024 నవంబరులో విడుదల చేసిన ఎక్స్ఈవీ 9ఈ కారులో ముందువైపు మూడు తెరలున్నాయి. వాటిలో ఒకటి పక్క సీటువారిది. ఇది ఒకే తెరలో రెండు బొమ్మల విద్య కాదు గానీ, ఆలోచన అదే... నడిపేవారిది ఒక లోకం, పక్కనున్నవారిది ఇంకో లోకం.

పెళ్లికో, గండికోట చూడ్డానికో మనం మాట్లాడుకునే బాడుగ కార్లలో మాత్రం ఈ ఏర్పాట్లేవీ ఉండవు. తర్వాత బిగించిన తెర ఒకటి ఉంటుంది. అందులో పాట నడిస్తే పిల్లలతోపాటు డ్రైవరూ చూస్తాడు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి రెండు సెకన్లలో దాదాపు 33 మీటర్లు ముందుకు పోతుంది. ఆ రెండు సెకన్లూ కళ్లు తెర మీదుంటే బండి గుడ్డిగా పోయినట్టే. కేంద్ర ప్రభుత్వ లెక్కల ప్రకారం 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. కారణాలు ఎన్నో ఉండొచ్చు. కానీ రోడ్డు మీద కళ్లుండటం మన చేతిలో ఉన్న పని. బండి నడుపుతూ చేత్తో ఫోను వాడటాన్ని 2019 చట్ట సవరణ ప్రమాదకరమైన డ్రైవింగ్‌లో చేర్చింది, జైలు శిక్షకూ వీలుంది.

డ్రైవరు కళ్లకు సినిమా కనపడకుండా చేశారు కాబట్టి రెండు బొమ్మల తెర మంచిదే అనుకుందాం. మరి పక్క సీటు కళ్ల సంగతేమిటి? జమ్మలమడుగు నుంచి ముద్దనూరు మీదుగా పులివెందులకు చీకటి పడ్డాక బయల్దేరండి. అరటిగెలల ట్రాక్టరు వెనక లైటు లేకుండా పోతుంటుంది. చీనీకాయల లారీ రోడ్డు వారగా ఆగి ఉంటుంది. ఊరు దగ్గరపడితే గేదెలు అడ్డమొస్తాయి. “ఏమండీ, ముందర ట్రాక్టరు!” అనే గొంతు ఎవరిది? స్టీరింగు పట్టకపోయినా సగం బండి నడిపేది మన ఇళ్లలో ఆ పక్క సీటే. ఆయన కన్ను మూతపడుతుంటే కనిపెట్టేది, “కాసేపు ఆపి టీ తాగుదాం” అనేది ఆమే. ఆమె చెవుల్లో హెడ్‌ఫోన్లు, కళ్లముందు సీరియలు ఉంటే ఆ రెండో జత కళ్లు పోయినట్టే కదా!

ఈ మాట మా వదినతో అంటే, “ఇంట్లో చాకిరీ చాలదా, కారులోనూ కాపలా నేనే కాయాల్నా?” అంది. న్యాయమైన ప్రశ్నే. పగటిపూట, తెలిసిన దారిలో ఆమె హాయిగా చూసుకోవచ్చు, కునుకూ తీయొచ్చు. రాత్రి ప్రయాణంలో మాత్రం పక్క సీటులో ఎవరు కూర్చున్నా, మామగారైనా మరిదైనా, మెలకువగా ఉండే బాధ్యత వారిదే అని బయల్దేరేముందే ఇంట్లో తేల్చుకోవాలి. బాడుగ బండైతే ఎక్కగానే, “అబ్బీ, ఆ తెర ఆపు, మ్యాపు ఒక్కటీ పెట్టుకో” అని నిస్సంకోచంగా చెప్పండి. డబ్బిచ్చేది మనం, ప్రాణాలూ మనవే.

కొత్త కారు కొనేటప్పుడు తెర ఎన్ని అంగుళాలని మగవాళ్లు అడుగుతారు. బండి కదిలాక డ్రైవరు వైపు వీడియో ఆగిపోతుందా లేదా అని మనం అడుగుదాం. షోరూములోనే ఒకసారి నడిపించి చూపించమందాం. చీరను వెలుతురులోకి తీసుకుపోయి చూడందే కొనని మనకు ఇదేం కొత్త!