చౌఖట్ పక్కన సందు, బఢై మీద ఇల్జామ్

మొన్న దోమకొండల మా ఖాలా కొత్తింటికి దావత్‌కు పోయిన. బిర్యానీ కన్నా ఎక్కువ గుఫ్తగూ దర్వాజా మీదనే నడిచింది. చౌఖట్‌కూ గోడకూ నడుమ ఐదు రూపాయల బిళ్ల దూరేంత సందు. దాంట్లో పెట్టిన పుట్టీ కూడా పగిలింది. "బఢై ధోకా చేసిండు బేటా, వాని బాకీ ఐదు వేలు ఆపిన" అన్నది ఖాలా.

నాకైతే బఢై కసూర్ కనవడలే. పచ్చి కలప నిండా పానీ ఉంటది. అది ఆరుతుంటే చెక్క పొడుగులో దాదాపు మారదు, అడ్డంగ మాత్రం కుంచించుకపోతది. మూడంగుళాల మందం చెక్క రెండు మిల్లీమీటర్ల దాకా తగ్గొచ్చు. అటు సిమెంట్ గిలాబు కూడా ఆరుతూ వెనక్కి గుంజుకుంటది. నడుమ సందు పడక ఏమైతది? పైగా చెక్క వానకాలం ఉబ్బుతది, ఎండకాలం తగ్గుతది. పుట్టీకేమో సాగే గుణమే లేదు. ఎన్నిసార్లు పెట్టినా పగుల్తది.

"రెండు మూడు నెలలు నీడన పేర్చి ఆరనియ్యుండ్రి" అని బఢై ముందే చెప్పిండట. కానీ దుబాయ్ నుంచి వచ్చిన బేటాకు ఛుట్టీ నెల రోజులే. కోత మిషన్ నుంచి తెచ్చిన వారంలనే చౌఖట్‌లు గోడలకెక్కినయ్.

ఊళ్లోనే కోట ఉంది. ఏళ్ల తరబడి సబర్‌తో బాగుచేసినందుకు 2022ల యునెస్కో మెరిట్ అవార్డు వచ్చింది. (కోట పనికి దుబాయ్ ఛుట్టీ అడ్డం లేదనుకోండి, అది వేరే బాత్.)

చౌఖట్‌ను గట్టిగ నెట్టి చూడుండ్రి. కదిలితే గోడలో ఇనుప పట్టీలు వదిలినట్టే, అప్పుడు పని చేసినోణ్ణి నిలదీయొచ్చు. కదలకుంటే ఒక ఎండకాలం ఆగి, పాత పుట్టీ గీకి, సాగే సీలెంట్ నింపి, మీద సన్నటి బీడింగ్ కొట్టియ్యుండ్రి. మొలలు చౌఖట్‌కే, గోడకు వద్దు. ఖర్చు పెద్దగ కాదు. దీనికోసం ఒక మనిషి మజ్దూరీ ఆపుడు జుల్మ్.

ఇదంతా ఖాలాకు చెప్పిన. విన్నది, చాయ్ పోసింది. ఐదు వేల సంగతి ఎత్తలే. మళ్లీ ఛుట్టీకి వచ్చిన బేటా ఇంకా పదకొండు రోజులే ఉంటడట. పై కమరా దర్వాజాలు రేపే పెట్టిస్తరట, వేరే బఢైతోని.