సాక్షికి రక్ష లేనిచోట

కరిబియను సముద్రమునందలి హెయితి దేశపు వార్తలు కొన్నియేండ్లుగా మన పఠనమందిరములకును వచ్చుచున్నవి. 2021 జూలై 7వ తేదీని ఆ దేశాధ్యక్షుడు జోవెనెల్ మొయీజ్ తన ఇంటనే హత్య గావింపబడెను. 2024 మార్చిలో సాయుధముఠాలు రాజధానియగు పోర్టో ప్రిన్సులోని కారాగారమును పగులగొట్టి వేలకొలది ఖైదీలను విడిపించినవి. ఆ యొక్క సంవత్సరముననే ముఠాల హింసలో 5,600 మందికి పైగా మడిసిరని ఐక్యరాజ్యసమితి లెక్క తేల్చినది. 2023 అక్టోబరులో భద్రతామండలి కెన్యా పోలీసుల నాయకత్వమున ఒక దళము నంపుటకు అనుమతించెను. అది చాలకపోగా, 2025 సెప్టెంబరులో దానికి మారుగా 5,500 మందితో ముఠాల నణచుటకై మరియొక దళమునకు సమ్మతి నిచ్చెను.

ఇది చదివి 'అయ్యో పాపము' అని పత్రికను మడిచి పెట్టుట సులభము. కాని హిందూపురమునను, పెనుకొండయందును, ధర్మవరమునను పుట్టి పెరిగినవారికి ఈ కథ పరదేశపు కథగా తోచునా? అచ్చట ముఠా యనునది ఇచ్చట ఫ్యాక్షను. అచ్చట తుపాకి, ఇచ్చట వేటకొడవలియు నాటుబాంబును. ఆయుధము వేరు, భాష వేరు. పెంచిన చేయి మాత్రము ఒక్కటియే.

ఆ చేయి ఎవరిది? కరిబియను ద్వీపములలోనే యున్న జమైకాను చూడుడు. రాజధాని కింగ్‌స్టనులో టివోలీ గార్డెన్స్ అను పేట కలదు. 1960 దశకమున ప్రభుత్వమే అచ్చట ఇండ్లు కట్టించి తన పక్షమువారికి పంచిపెట్టెను. ఇండ్లు పొందినవారు ఓట్లు వేసిరి; ఓట్లు కాపాడుటకు మొనగాండ్రు బయలుదేరిరి; మొనగాండ్రకు ఆయుధములు వచ్చెను. అట్టి పేటలలో ఎదుటి పక్షమువాడు ఓటడుగుటయే సాహసమయ్యెను. తుదకు పేట దొర దొరతనమునకే లొంగని వాడయ్యెను. 2010 మే నెలలో అట్టి వాని నొక్కని పట్టుటకు సైన్యమును పోలీసులును పేటలో చొరబడగా సుమారు 70 మంది పౌరులు ప్రాణములు కోల్పోయిరి. ఎవనికొరకు వెళ్ళిరో వాడు ఆనాడు దొరకనే లేదు. నెల గడచిన పిదప దొరికెను. రాజకీయము పాలుపోసి పెంచిన పామును చంపబోయి, ఇంటివారినే చంపుకొన్నట్లయినది.

ఇక మన సంగతి. పెనుకొండ ధర్మవరముల చేరువనున్న రామగిరి, కనగానపల్లి పల్లెల చరిత్రను ఎరుగనివారు లేరు. 1975లో పరిటాల శ్రీరాములు హతుడయ్యెను. 1993లో మద్దెలచెరువు గ్రామమున టెలివిజను పెట్టెలో అమర్చిన బాంబు ఒక ఇంటిని శ్మశానము చేసెను. 1997 నవంబరు 19వ తేదీని హైదరాబాదు జూబిలీహిల్సులో కారుబాంబు పేలి 26 మంది మరణించిరి. గురి పెట్టబడిన పరిటాల రవీంద్ర బ్రతికెను, ఇతరులు చచ్చిరి. పెనుకొండనుండి మూడు పర్యాయములు శాసనసభకు ఎన్నికైన ఆ రవీంద్రయే 2005 జనవరి 24వ తేదీని పట్టపగలు అనంతపురములోని తన పార్టీ కార్యాలయమున హత్యకు గురియయ్యెను. ఆ హత్యలో నిందితుడైన వాడొకడు 2008లో అనంతపురము జైలులోనే చంపబడెను. కారుబాంబు కేసులో శిక్షపడి విడుదలయైన మద్దెలచెరువు సూరి 2011 జనవరిలో హైదరాబాదు నడివీధిని, తన కారులోనే, తన మనిషిగా తిరిగినవాని తుపాకికి బలియయ్యెను.

ఈ పేర్లన్నియు నాయకుల పేర్లు. పత్రికలు వానిని భద్రపరచినవి. ఈ నడుమ కూలిన అనుచరుల పేర్లు ఎవరు వ్రాసిపెట్టిరి? ఎకరము మెట్టభూమియైన సరిగా లేక, దొర పెట్టు అన్నమునకు కట్టుబడి, కొడవలి పట్టి పోయినవాని భార్య నేడు ఏ మగ్గము కడ కూలికి కూర్చున్నదో ఎవరు విచారించిరి? రెండు పక్షముల నాయకులును ఎప్పటికైన నొకనాడు ఒకే పెండ్లిపందిటిలో కూర్చుండగలరు. అనుచరుని ఇంటి దీపము మాత్రము మరల వెలుగదు.

ఇది పాలెగాండ్ర రక్తమనియు, సీమ పౌరుషమనియు చెప్పి సరిపుచ్చుకొనువారు కలరు. మాకది సమ్మతము కాదు. 1800లో ఈ దత్తమండలములు కుంఫిణీ చేతికి వచ్చినపిదప మన్రో దొర సైన్యబలముతో పాలెగాండ్ర పొగరణచెను. పౌరుషమే కారణమైనచో ఫ్యాక్షను ఆనాడే అణగియుండవలయును. అణగలేదు, ఏలయన కొత్త కాలము కొత్త లాభములను చూపెను. సర్పంచి పదవి, సారా వేలముపాట, రోడ్ల కాంట్రాక్టు, గుట్టల తవ్వకము—వీనిని చేజిక్కించుకొనుటకు మనుష్యబలము కావలసివచ్చెను. ఆ బలము గలవానికి పార్టీలు టిక్కెట్లిచ్చినవి. 1993లో సారా నిషేధమయ్యెను. పాట పోయెను, పాటగాండ్రు పోలేదు. వాన కరవైన ఈ నేలను పట్టి పీడించినది రక్తగుణము కాదు, రక్తము ఖరీదు గట్టిన రాజకీయము.

దీనికి అధికారులు చేసిన ప్రతిక్రియ యెట్టిది? పల్లెలో పోలీసు పికెట్టు పెట్టుదురు. రౌడీషీటు తెరతురు. మంచి నడవడికకు జామీను వ్రాయించుకొందురు. 1986 నాటి చట్టముక్రింద విచారణ లేకయే నిర్బంధింతురు. ఇవి వలదని మేమనము. కాని ఇవన్నియు కొడవలి పట్టినవానికే గాని, పట్టించినవానికి తగులుట అరుదు. మన దేశమున ఈ వక్రత క్రొత్తది కాదు. 1871లో ఆంగ్లేయులు నేరజాతుల చట్టము చేసి కొన్ని తెగలలో పుట్టుటయే నేరమనిరి. రాత్రివేళ హాజరు పిలిచి బిడ్డలతో సహా లెక్కబెట్టిరి. ఆ చట్టమును మదరాసు ప్రభుత్వము 1947లోను, దేశమంతట 1952లోను తొలగింపవలసివచ్చెను. కోడిని దొంగిలించిన యెరుకలవానికి రాత్రి హాజరు. ఊరినే దొంగిలించినవానికి సభలో ముందువరుస! ఆ చట్టము పోయినను ఆ చూపు పోయినదా?

మేము న్యాయవాదులము గనుక మా అనుభవములోనిదొకటి చెప్పెదము. కొన్నియేండ్ల క్రిందట ఈ సీమలోని ఒక న్యాయస్థానమున ఒక హత్యకేసు నడచినది. హతుని భార్య బోనెక్కినది. పోలీసులకు ఆమె చెప్పిన మాటలు కాగితముమీద నున్నవి. "నీ మగని నరికినవారిని చూచితివా?" అని అడుగగా, తలవంచుకొని "చూడలేదు సామీ" అన్నది. సాక్షి ఎదురు తిరిగినదని వ్రాసికొనిరి, కేసు కొట్టుపడెను. సాయంకాలము వరండాలో ఆమెను చూచి, "ఏమమ్మా, ఇట్లు చేసితివి?" అంటిమి. "నిజం చెప్తే ఈపొద్దు మీరు మెచ్చుకుంటారు సామీ. రేత్రికి ఊర్లో నా బిడ్డ తావ ఎవరుంటారు?" అన్నది. మాకు బదులు తోచలేదు. నేటికిని తోచుటలేదు.

హత్య రాజీపడదగిన నేరము కాదని చట్టము. అయినను రాజీ జరుగుచునే యున్నది. ఎట్లన, ఈ పక్షముమీద ఒక కేసు, ఆ పక్షముమీద ఒక కేసు నుండును. పెద్దమనుష్యులు కూర్చుండి 'మీ సాక్షులు మావారిని గుర్తుపట్టరాదు, మా సాక్షులు మీవారిని గుర్తుపట్టరు' అని తీర్మానింతురు. రెండును కొట్టుపడును. చచ్చినవారిద్దరును ఎవరిచేతను చావనివారగుదురు! ఇట్టి రాజీలను కుదిర్చి ఫీజు పుచ్చుకొనువారు మా వృత్తిలోను లేకపోలేదని సిగ్గుతో ఒప్పుకొనుచున్నాము.

కావున ముఠా ప్రాణము బాంబులో లేదు. సాక్షి భయములో నున్నది. నోరు తెరచిన సాక్షి మరునాడు బ్రతికియుండునను నమ్మకము కలిగిననాడు ఏ దొరయు దొర కాడు. ఆ నమ్మకము కలిగించు సాధనము లేదా? కలదు. 2018 డిసెంబరు 5వ తేదీని సుప్రీముకోర్టు సాక్షుల రక్షణ పథకమును ఆమోదించి, శాసనము చేయువరకు దానినే చట్టముగా పాటింపుడని ఆజ్ఞాపించెను. దాని ప్రకారము ప్రతి జిల్లాలోను జిల్లాజడ్జి అధ్యక్షతన ఒక సమితి యుండవలయును. అపాయమెంత గలదో పోలీసు అధికారి విచారించి నివేదింపవలయును. అవసరమును బట్టి కాపలా పెట్టుట, నిందితుని కంటబడకుండ సాక్ష్యము తీసికొనుట, వేరొకచోట నివాసమేర్పరచుట, అత్యవసరమైనచో పేరే మార్చుట—ఇవి యన్నియు అందు కలవు. 2024 జూలై 1వ తేదీనుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 398వ సెక్షను, ప్రతి రాష్ట్రమును ఇట్టి పథకము నేర్పరచి ప్రకటింపవలయునని విధించుచున్నది.

శాసనము కాగితమున నున్నది. ఊరిలో దాని సంగతి ఎవరికి తెలియును? నాటి ఆ వరండాలోని స్త్రీకి నేడు ఎవరైన చెప్పుదురా? ప్రతి పోలీసుస్టేషను గోడమీదను, ప్రతి కోర్టు వాకిటను, ప్రతి సచివాలయమునను ఈ హక్కును తెలుగులో పెద్దయక్షరములతో వ్రాయించి పెట్టుటకు ఎంత ఖర్చగును? సాక్షి వాఙ్మూలము తీసికొన్న నాడే, 'నీకు భయమున్నచో ఇట్లు అర్జీ పెట్టుకొనుము' అని చెప్పుటకు అధికారికి ఎంత శ్రమ? దళములను దింపుటకన్న ఇది చవుక, ఎదురుకాల్పులకన్న ధర్మము.

నేడు బాంబుల మోత తగ్గినదనుట నిజము. పెనుకొండ చెంత ఎర్రమంచిలో కియా కార్ల కర్మాగారము 2019నుండి నడచుచున్నది. కొడవలి పట్టవలసిన చేతులు కొన్ని పనిముట్లు పట్టినవి. సంతోషమే. కాని భూముల ధర పెరిగినచోట సెటిల్‌మెంట్లు పెరుగును, కాంట్రాక్టులున్నచోట బెదిరింపులుండును. ముఠా ఖద్దరు తొడిగినను ముఠాయే. సాక్షి ఇంకను భయపడుచున్నంతకాలము ఫ్యాక్షను చావలేదు, నిద్రించుచున్నది.

పాఠకులారా! పార్టీలు హంతకులకు టిక్కెట్లిచ్చినపుడు మీరు ఓటీయకుడు. రాజీ పంచాయతీకి పిలిచినపుడు పోకుడు. అన్నిటికన్న ముఖ్యముగా, మీ వీధిలోని ఒక పేదరాలు నిజము చెప్పి కోర్టునుండి ఇంటికి వచ్చిన రాత్రి, ఆమె తలుపుకడ పదిమంది కూర్చుండుడు. హెయితికి దళముల నంపుటకు భద్రతామండలి కావలసివచ్చినది. మన పల్లెలో ఒక తల్లి బిడ్డకు కావలి యుండుటకు మనము చాలమా?