ఇన్నింట్లో ఇన్నోది!

పంజాగుట్ట షోరూముల్లో ఖరీదైన వాచీల్ని చూడ్డానికే వెళ్లేవాళ్లు కొందరుంటారు. కొనేది ఎప్పుడో ఒకటి, అదీ ఏళ్లతరబడి కూడబెట్టి. ఈమధ్య వాళ్ల కబుర్లలో వినిపించే సణుగుడు ఒకటే... లిమిటెడ్ ఎడిషన్లు మరీ ఎక్కువైపోయాయని.

చంద్రుడిమీద మనిషి దిగి 50 ఏళ్లయిందని 2019లో ఒమేగా తన స్పీడ్‌మాస్టర్‌ని స్టీలుతో 6,969, బంగారంతో 1,014 చేసింది. అంతకుముందు స్నూపీ బొమ్మతో 2003లో 5,441, 2015లో 1,970. అపోలో-13 ప్రయాణం 142 గంటల 54 నిమిషాల 41 సెకన్లు, అందుకే ఆ 5,441. లెక్క ముచ్చటగానే ఉంది. కానీ పండగ పండగకీ ఒకటి వస్తుంటే ఇక అపురూపమేముందన్నది అభిమానుల బాధ. అప్పుచేసి కొన్నవాళ్లకి మరీనూ. నచ్చితే కొనుక్కోవాలిగానీ అంకె చూసి కాదనే వాళ్లూ లేకపోలేదు.

అమీర్‌పేటలో వాచీలు బాగుచేసే కొట్టుకెళితే కథ వేరు. రోజూ కీ ఇవ్వాల్సిన హెచ్ఎంటీ జనతా ఒకప్పుడు అల్లుడికి మామగారు పెట్టిన వాచీ. ఆ వాచీల కంపెనీని మూసేయాలని 2016లో ప్రభుత్వం నిర్ణయించాక దానికోసం ఆరాలు ఎక్కువయ్యాయి. ‘ఇన్నింట్లో ఇన్నోది’ అని దానిమీద ఎవరూ చెక్కలేదు. బేరమాడబోతే, ‘నాన్నదండీ, బాగుచేసిస్తే చాలు’ అంటారు తెచ్చినవాళ్లు.