ఒక్క అక్షరం తేడా.. దాని అర్థం చెప్పేదెవరు?

బ్లడ్ క్యాన్సర్ అనగానే అది డాక్టర్ల సబ్జెక్ట్, మనకెందుకులే అనుకుంటాం. కానీ జీన్ టెస్టులు వచ్చాక ఆ రిపోర్టు వెనక డేటా చదివేవాళ్ల పని కూడా ఉంటోంది. ఒక్క జీన్‌ని తీసుకుని చూద్దాం.

మన 21వ క్రోమోజోమ్‌ మీద రన్ఎక్స్1 అనే జీన్ ఉంది. ఇది తయారుచేసే ప్రొటీన్‌ ఒక ట్రాన్‌స్క్రిప్షన్ ఫ్యాక్టర్. అంటే మూలకణం రక్తకణంగా ఎదిగేటప్పుడు ఏ జీన్ ఆన్ కావాలో, ఏది ఆఫ్ కావాలో నడిపించే స్విచ్. అది పాడైతే కణాలు పూర్తిగా ఎదగకుండానే పెరిగిపోయి లుకేమియాకు దారి తీయొచ్చు. 8, 21 క్రోమోజోముల ముక్కలు తారుమారైన కొన్ని లుకేమియాల్లో తెగింది ఈ జీనేనని 1991లో జపాన్ పరిశోధకులు గుర్తించారు.

పుట్టుకతోనా? మధ్యలోనా?

అసలు చిక్కు ఇక్కడే. ఈ మార్పు మధ్యలో రక్తకణాల్లో మాత్రమే రావొచ్చు, తల్లిదండ్రుల నుంచీ రావొచ్చు. వారసత్వంగా వస్తుందని 1999లో తేలింది. రక్తం టెస్టు ఒక్కటే చూస్తే చాలాసార్లు తేడా తెలియదు. అందుకే చర్మకణాలను కల్చర్ చేసి మళ్లీ చూస్తారు. ఎందుకింత పట్టింపు? పేషెంట్‌కి మజ్జ ఇచ్చేది సాధారణంగా తోబుట్టువే. పైకి ఆరోగ్యంగా ఉన్న తమ్ముడిలోనూ అదే మార్పు ఉంటే, జబ్బుకు దారితీసే జీన్‌నే మళ్లీ ఎక్కించినట్టవుతుంది.

సాఫ్ట్‌వేర్ ఆగిపోయే చోట

మార్పు ఎక్కడుందో సాఫ్ట్‌వేర్ చూపిస్తుంది. అది ప్రమాదమా, మామూలేనా అనేది ఆధారాలు బేరీజు వేసి మనుషులే తేల్చాలి. రన్ఎక్స్1 కోసమే అంతర్జాతీయ నిపుణుల బృందం 2019లో ప్రత్యేక నియమాలు ప్రచురించింది. అయినా చాలా మార్పులు 'అర్థం తేలనివి'గానే మిగిలిపోతున్నాయి. విదేశీ డేటాబేస్‌లో అరుదుగా కనిపించేది మన దగ్గర ఆరోగ్యవంతుల్లో మామూలు కావొచ్చు కదా! అందుకే 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోకి వచ్చిన జీనోమ్ ఇండియా డేటా ముఖ్యం. అందులో 10 వేల మంది భారతీయుల జీనోమ్‌లు ఉన్నాయి. హైదరాబాద్‌లోని సీసీఎంబీ కూడా ఆ ప్రాజెక్టులో భాగస్వామే.

మీరేం చేయొచ్చు?

ఈ రంగానికి పైథాన్ ఒక్కటే చాలదు, బయాలజీ ఒక్కటే చాలదు. రెండూ కావాలి, స్టాటిస్టిక్స్ కూడా. క్లిన్‌వార్, నోమాడ్ డేటాబేస్‌లు ఉచితమే. రన్ఎక్స్1లో అర్థం తేలని మార్పు ఒకటి ఎంచుకోండి. అనుకూలంగా ఉన్న ఆధారాలేంటి, వ్యతిరేకమేంటి, ఇంకా ఏం తెలియాలి అన్నది రెండు పేజీల్లో రాయండి. ఇంటర్వ్యూలో చూపించడానికి సర్టిఫికెట్ కన్నా ఆ రెండు పేజీలే ఎక్కువ పనికొస్తాయి.