గూడు దగ్గర మన కెమెరా ఎందుకు?

పురుగుమందు కొట్టకుండా పంట తీస్తున్నాం కాబట్టి పక్షులకు మేలే చేస్తున్నామని అనుకుంటాం. అది నిజమే. కానీ పక్షుల కేంద్రానికి వెళ్లినప్పుడు వీడియో కోసం గూళ్ల దాకా పోవడం మాత్రం తప్పే అంటాను.

తిరుపతి జిల్లా నేలపట్టులో చలికాలంలో గూడబాతులు నీళ్లలోని చెట్ల మీద గూళ్లు పెడతాయి. మనిషి దగ్గరికొస్తే తల్లి లేచిపోతుంది. ఆ కాసేపట్లోనే కాకి గుడ్డు ఎత్తుకుపోవచ్చు, ఎండకు పిల్ల వాడిపోవచ్చు. మనకు మిగిలేది అయిదు నిమిషాల వీడియో. దానికి ఆ ఏటి కాపు పోయినట్టే.

తమిళనాడులోని వేడంతాంగల్ రైతులు ఈ సంగతి ఎప్పుడో గ్రహించారు. పక్షుల రెట్ట కలిసిన చెరువు నీళ్లే వాళ్ల పొలాలకు ఎరువు. తెల్లదొరల సిపాయిలు కొంగలను కాలుస్తుంటే ఊరివాళ్లు కలెక్టరుకు మొరపెట్టుకుని 1798లో రక్షణ పత్రం రాయించుకున్నారు. అప్పుడు తుపాకీ, ఇప్పుడు సెల్‌ఫోన్, డ్రోన్.

మా గౌలిపురకు దగ్గర్లోని మీర్ ఆలం చెరువు దగ్గరైనా, నేలపట్టులోనైనా ఒకటే లెక్క. మేస్తున్న పక్షి మేత ఆపి తలెత్తి చూసిందంటే మనం ఎక్కువ దగ్గరికి వచ్చేశామన్నమాట. చప్పుడు చేయకుండా వెనక్కి జరగండి. డ్రోన్ ఎగరేయకండి. కట్ట మీద నుంచో, వాచ్ టవర్ నుంచో చూడండి చాలు.

వీడియో కింద పెట్టాను. దూరం నుంచే తీశాను కాబట్టి పక్షులు చిన్నగా కనిపిస్తాయి, ఏమనుకోకండి.