తప్పు చేతిది కాదు

ఫోన్ కింద పడి తెర పగిలితే తిట్లు తినేది తయారుచేసినవాడు కాదు, పడేసినవాడు. "అంత డబ్బు పోసి కొన్నావు, కాస్త చూసుకోవద్దూ?" అని ఇంట్లోవాళ్లు. "ఫిజికల్ డ్యామేజ్ సార్, వారంటీలో రాదు" అని సర్వీస్ సెంటర్. రెండు మాటల సారం ఒకటే: తప్పు నీ చేతిది. కంపెనీలు పైసా ఖర్చు లేకుండా ఈ నమ్మకానికి మనచేతే కాపలా కాయిస్తున్నాయి.

రోజంతా జేబులోంచి తీస్తూ పెడుతూ ఉండే వస్తువు పడకుండా ఎలా ఉంటుంది? డెలివరీ కుర్రాడికి అది బండి హ్యాండిల్ మీద ఉండాలి. ఉపాధి హామీ పనుల్లో 2023 జనవరి నుంచి హాజరు యాప్‌లోనే వేయాలన్నారు. మట్టి తవ్వేచోట, చెమట చేతులతో, పని చూసే మేట్ రోజుకు రెండుసార్లు కూలీల ఫొటో తీయాలి. అలాంటి వస్తువును గాజుతో చేసి, పడితే నీదే పూచీ అనడం, గొడుగు అమ్మి వానలో తడపొద్దన్నట్టుంది.

దీనికి కంపెనీల తరఫు వకీళ్లు (జీతం లేని వకీళ్లు మనలోనే బోలెడుమంది) చెప్పే జవాబు ఒకటుంది. జనమే సన్నగా, నాజూగ్గా, మెరిసేలా అడుగుతున్నారట, గట్టిదనం ఎవరికీ అక్కర్లేదట. ఏ మొబైల్ షాపు కౌంటర్ దగ్గరైనా పది నిమిషాలు నిలబడితే ఈ వాదన సంగతి తేలిపోతుంది. డబ్బాలోంచి తీసిన కొత్త ఫోన్‌ను కుర్రాడు మన చేతికివ్వడు. తడి టిష్యూతో ఓసారి, పొడిదానితో ఓసారి తుడుస్తాడు. మిగిలిన దుమ్ము నలుసును స్టిక్కర్‌తో అంటించి లాగేస్తాడు. టెంపర్డ్ గ్లాస్ పరిచి, బొటనవేలితో బుడగలు అంచుకు తోసి, "పౌచ్ ఏది వేయమంటారన్నా?" అంటాడు. మనం డబ్బులు పోసిన ఆ మెరుపు కంటికి కనబడేది ఆ కాసేపే. ఆ తర్వాత అది నల్ల రబ్బరు లోపలికి పోతుంది. ఇంజనీర్లు మిల్లీమీటరు మిల్లీమీటరు కోసి తగ్గించిన మందం పౌచ్‌తో తిరిగొస్తుంది. గట్టిదనం అడగని కొనుగోలుదారు చేసే పనేనా ఇది? అడుగుతూనే ఉన్నాడు, దాని డబ్బులు వేరేచోట కట్టుకుంటున్నాడు, అంతే.

చరిత్ర కూడా ఆ వాదనకు ఎదురే. 2003లో వచ్చిన నోకియా 1100ను మనలాంటి దేశాలను దృష్టిలో పెట్టుకునే చేశారు. దుమ్ము దూరని కీప్యాడ్, చేతిలోంచి జారని పక్కలు, కరెంటు పోతే టార్చి. 25 కోట్లకు పైగా అమ్ముడైంది. అలాగని పాత నోకియా 3310ను తిరిగి తెమ్మనడం లేదు. అది ఇనుప ముద్దంటూ పుట్టిన జోకులు నాకూ విసుగే. తెర చిన్నది, లోపలికి ఉండేది. పడితే వెనక మూత, బ్యాటరీ ఊడి తలో దిక్కూ పోయి దెబ్బను పంచుకునేవి. ఆరున్నర అంగుళాల తెరకు ఆ కిటుకు సరిపోదు. సరిపోయేవి వేరే ఉన్నాయి, వాటిని వదిలేశారు.

గాజునే చూడండి. ఫోన్ తెరలకు వాడే గొరిల్లా గ్లాస్ బలమంతా పై పొరలో ఉంది. కరిగిన పొటాషియం లవణంలో గాజును ముంచితే సోడియం అయాన్ల స్థానంలోకి వాటికంటే పెద్దవైన పొటాషియం అయాన్లు ఇరుక్కుంటాయి. ఉపరితలం బిగుసుకుని, బీట నోరు తెరవలేదు. కానీ ఆ పొర మందం వెంట్రుకకు అటూఇటూ. కంకర మొన ఒక్కటి దాన్ని దాటిందంటే పని అయిపోయినట్టే. ఇది తెలిసీ తెర అంచును ఒంపు తిప్పి ఫ్రేమ్ చివరిదాకా తెచ్చారు. వెనకా గాజే పెట్టారు. లోహంలోంచి వైర్‌లెస్ చార్జింగ్ సాగదు, నిజమే. ప్లాస్టిక్‌లోంచి సాగుతుందిగా! మోటరోలా 2015లో మోటో ఎక్స్ ఫోర్స్ తెచ్చి, పగలదంటూ తెరకు నాలుగేళ్ల హామీ ఇచ్చింది. పైన ప్లాస్టిక్ కాబట్టి గీతలు పడేవి. గీతలా, పగుళ్లా, ఏది కావాలని మనల్ని అడిగిందెవరు?

ఇక "మిలిటరీ గ్రేడ్" అట్ట మీది గొప్ప. ఆ మాటకు ఆధారమైన అమెరికా సైనిక ప్రమాణం మిల్-ఎస్‌టీడీ-810 పరీక్షలో 122 సెంటీమీటర్ల ఎత్తు నుంచి 26 సార్లు పడేస్తారు. పడేది కాంక్రీటు మీద పరిచిన రెండంగుళాల ప్లైవుడ్ మీద. పైగా ఆ 26 దెబ్బలను ఐదు ఫోన్లకు పంచొచ్చు. పరీక్ష చేయించుకునేది కంపెనీయే, అమెరికా సైన్యం ఎవరికీ సర్టిఫికెట్ ఇవ్వదు. హైదరాబాద్ అబిడ్స్‌లోని జగదీశ్ మార్కెట్‌కు రిపేరుకు వచ్చే ఫోన్లు ప్లైవుడ్ మీద పడినవి కావు. అక్కడ పై గాజు ఒక్కటే చిట్లిందన్నా చాలాసార్లు కాంబో మొత్తం మార్చాల్సిందే, గాజు, దాని కింది డిస్‌ప్లే రెండూ జిగురుతో అతికి ఉంటాయి గనుక. "ఒరిజినలా, కాపీనా?" అన్న ప్రశ్న, ధర విన్నాక కొత్తదే కొందామన్న ఆలోచన ఒకదాని వెంట ఒకటి వస్తాయి.

గట్టి ఫోన్ చేయలేరా అంటే, చేయమన్నచోట చేస్తున్నారు. యూరోపియన్ యూనియన్‌లో 2025 జూన్ 20 నుంచి, మడతఫోన్లు కాని ఏ స్మార్ట్‌ఫోన్ అయినా పౌచ్ లేకుండా, ఫిల్మ్ లేకుండా 45 సార్లు పడినా పనిచేయాలి. పడటానికి అక్కడ లేబుల్ మీద విడిగా గ్రేడే ఉంది. 'ఏ' రావాలంటే 270 సార్లు తట్టుకోవాలి. మన వినియోగదారుల వ్యవహారాల శాఖ వేసిన కమిటీ కూడా 2025లో రిపేరబిలిటీ ఇండెక్స్ సూచించింది. విప్పడం ఎంత సులువు, విడిభాగాలు దొరుకుతాయా, అప్‌డేట్లు వస్తాయా అని కొలుస్తారట. మంచిదే, కానీ అదంతా పగిలిన తర్వాతి లెక్క. ఎన్నిసార్లు పడితే పగులుతుందన్న గడి కూడా అందులో చేర్చాలి. యూరప్‌లో అమ్ముతున్న చాలా మోడళ్లను ఇక్కడా అమ్ముతున్నారు. వాటి గ్రేడ్ కంపెనీల దగ్గర సిద్ధంగా ఉంది. ఇక్కడి డబ్బా మీద కూడా అచ్చు వేయించమనండి.