స్టీరింగు పోతుందన్న భయం

ప్రశ్న: మావారు ఇరవై రెండేళ్ళుగా బస్సు తోలుతున్నారు. చాలాకాలంగా కొండ డ్యూటీ. వయసు 49. చక్కెర వ్యాధి ఉందని రెండేళ్ళ కిందట బయటి డాక్టరు చెప్పారు. డిపోలో తెలిస్తే స్టీరింగు మీదినుంచి దించేస్తారని ఎవరికీ చెప్పలేదు. మాత్రలు కూడా దొంగచాటుగా వేసుకుంటారు. ఈమధ్య కొండ దిగి ఊళ్ళోకి వచ్చాక, రాత్రిపూట ఎదురుబండి లైటు పడితే కాసేపు ఏమీ కనిపించడం లేదంటున్నారు. కంటి డాక్టరు దగ్గరికి పదమంటే కోప్పడతారు. ఇద్దరు ఆడపిల్లల చదువులు సగంలో ఉన్నాయి. నేనేం చెయ్యాలి?
— ఒక సోదరి, తిరుపతి

జవాబు: అమ్మా, ముందుగా చెయ్యవలసింది చెప్తాను, కారణాలు తర్వాత. ఈ వారంలోనే మీవారిని కంటి పరీక్షకు తీసుకువెళ్ళండి. రుయా వంటి పెద్దాసుపత్రి అయినా సరే, మంచి కంటి డాక్టరు అయినా సరే. పరీక్ష అయ్యేవరకు సెలవు పెట్టమనండి. చూపు అలా చెదిరిపోతున్నప్పుడు పగలైనా, రాత్రైనా బస్సు తోలకూడదు. నాలుగు రోజుల సెలవుకు ఉద్యోగం పోదు.

వెలుతురు పడితే ఎందుకు కనిపించదు?

దీనికి ముఖ్యంగా మూడు కారణాలు ఉండవచ్చు. ఒకటి, శుక్లం మొదలవడం. చక్కెర వ్యాధి ఉన్నవారికి ఇది కాస్త ముందుగానే వస్తుంది. ఎదురు వెలుతురు చెదిరిపోయి కళ్ళు జిగేల్‌మనడం దీని లక్షణం. రెండు, రక్తంలో చక్కెర బాగా ఎక్కువ తక్కువలవుతుంటే కంటిలోని కటకం ఉబ్బి, చూపు ఒకరోజు బాగా, ఒకరోజు మసకగా ఉంటుంది. మూడు, కంటి వెనుక పొర, అంటే రెటీనా దెబ్బతినడం.

మొదటిదానికి ఆపరేషను ఉంది. రెండోదానికి చక్కెర అదుపులోకి వస్తే చాలు. మూడోది మాత్రం దొంగలాంటిది. మొదట్లో నొప్పి ఉండదు, చూపు తగ్గినట్టు తెలియదు, తెలిసేసరికి కొంత నష్టం జరిగిపోయి ఉంటుంది. తొందరగా పట్టుకుంటే లేజరుతోనో, ఇంజెక్షన్లతోనో చాలామందికి చూపు నిలబెట్టవచ్చు. అందుకే చక్కెర వ్యాధి ఉన్న ప్రతివారూ ఏడాదికొకసారి కంట్లో చుక్కలు వేయించుకుని రెటీనా పరీక్ష చేయించుకోవాలి. చుక్కలు వేసిన రోజు చూపు కొన్ని గంటలపాటు మసకగా ఉంటుంది గనుక ఆ రోజు బండి తోలరాదు.

ఇప్పుడు ఆలోచించండి. పరీక్షకు వెళ్తే స్టీరింగు పోతుందని మీవారి భయం. నిజానికి స్టీరింగును ఊడగొట్టేది పరీక్ష కాదమ్మా, ఆలస్యం. నేడు వెళ్తే నెలో రెండు నెలలో పనికి దూరమై మళ్ళీ ఎక్కే అవకాశం ఉంది. రెండేళ్ళ తర్వాత వెళ్తే ఆ అవకాశం ఉండకపోవచ్చు.

కంటికంటే ముందు దెబ్బతీసేది

చక్కెర మాత్రలు వేసుకుని వేళకు తినకపోతే కొన్నిరకాల మాత్రలతో రక్తంలో చక్కెర ఒక్కసారిగా పడిపోతుంది. చెమటలు, చేతుల వణుకు, విపరీతమైన ఆకలి, గుండెదడ, ఆపైన తికమక. ఘాట్ రోడ్డులో ఎదురుబండి రాదు గదా అనుకోవద్దు. 1944లో వేసిన పాత దారి దిగడానికి, 1974లో వచ్చిన రెండో దారి ఎక్కడానికి వాడుతున్నారు, నిజమే. కాని మలుపు దగ్గర ఒక్క క్షణం తికమకపడితే చాలు, వెనుక కూర్చున్న యాత్రికులందరి ప్రాణాలూ ఆ క్షణం మీదే ఉంటాయి.

తిరుపతిలో శనివారం ఒంటిపొద్దులు ఉండేవారు ఎక్కువ. ఉపవాసం ఉంటూ మాత్ర మామూలుగా వేసుకుని స్టీరింగు పట్టడం చాలా ప్రమాదం. ఉపవాసం రోజున మాత్ర ఎంత, ఎప్పుడు అన్నది డాక్టరును అడగాలి. డ్యూటీ ఉన్న రోజు ఉపవాసం మానుకోవడమే మంచిది. జేబులో చక్కెర పొట్లమో, గ్లూకోజో ఉండాలి. తేడా అనిపిస్తే బండి పక్కకు ఆపి, మూడు నాలుగు చెంచాల చక్కెర నీళ్ళలో కలుపుకుని తాగాలి. పావుగంటకు తగ్గకపోతే మళ్ళీ తాగాలి. తేరుకున్నాక ఏదైనా తిని, ముప్పావుగంటైనా ఆగి, అప్పుడే బండి తియ్యాలి. ఈ సంగతి పక్కనున్న కండక్టరుకు తెలియడం ఎంత అవసరమో చూడండి. దాస్తే ఆ సాయమూ లేకుండా పోతుంది.

ఇంకొక మాట. వైద్య పరీక్షకు ముందు రోజు పస్తుండడం, మాత్రలు రెండింతలు మింగడం, అక్షరాల చార్టు బట్టీ పట్టడం కొందరు చేస్తారు. ఇవి ప్రాణం మీదికి తెచ్చే పనులు. పైగా ప్రయోజనమూ లేదు. హెచ్‌బీఏ1సీ అనే పరీక్ష గడిచిన మూడు నెలల సగటు చక్కెరను చెప్పేస్తుంది. రాగి సంగటి తింటున్నాను, నాకేం కాదనుకోవడమూ పొరపాటే. సంగటి ముద్ద కూడా చక్కెరను పెంచుతుంది, ఎంత తిన్నామన్నదే లెక్క.

పందెం కార్లవారికీ ఇదే భయం

సీటు పోతుందన్న దిగులు మీవారికొక్కరికే లేదు. ఫార్ములా వన్ పందేల్లో ప్రపంచం మొత్తానికి ఉండేవి ఇరవై, ఇరవై రెండు సీట్లే. కోయంబత్తూరుకు చెందిన నారాయణ్ కార్తికేయన్ 2005లో ఆ పందేల్లో దిగిన తొలి భారతీయుడు. మరుసటి ఏడు పందెంలో సీటు లేదు. 2011లో మళ్ళీ దొరికితే, సీజను మధ్యలో ఆ సీటును ఇంకొక యువకుడికిచ్చారు. అదే ఏడు అక్టోబరులో గ్రేటర్ నోయిడా పందెంలో ఆయన మళ్ళీ కారెక్కారు.

పోలెండు డ్రైవరు రాబర్ట్ కుబిత్సాది మరీ కష్టం. 2011 ఫిబ్రవరిలో ఒక ర్యాలీ ప్రమాదంలో కుడిచెయ్యి బాగా దెబ్బతిని ఫార్ములా వన్ సీటు పోయింది. ఆపరేషన్లు, వ్యాయామాలు, పరీక్షలు అన్నీ దాటుకుని 2019లో మళ్ళీ ఎక్కారు. ఒక్క ఏడాదికే ఆ సీటూ పోయింది. అయినా కుంగిపోకుండా వేరే రకం పందేల్లో దిగి, 2025లో ఫ్రాన్సులోని 24 గంటల లె మాన్స్ పందెం గెలిచిన జట్టులో ఒకరయ్యారు. చేతిలోని లోపాన్ని దాచి ఆయన కారెక్కలేదు. వైద్యులకూ జట్టుకూ చూపించి, ఆ చేతికి తగ్గట్టు స్టీరింగు అమర్చుకుని ఎక్కారు.

ఒకవేళ నిజంగానే దించితే?

అదుపులో ఉన్న చక్కెర వ్యాధితో బండి తోలుతున్నవారు ఎందరో ఉన్నారు. చూపు చాలదని తేలితే మాత్రం దిగవలసిందే. దిగినంతమాత్రాన బతుకు పోదు. ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ సిబ్బంది 2020 జనవరి 1 నుంచి ప్రభుత్వోద్యోగులు. ఉద్యోగంలో ఉండగా వైకల్యం వచ్చినవారిని తీసివెయ్యకూడదనీ, అదే జీతంతో వేరే పనిలోకి మార్చాలనీ 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం చెబుతోంది. రంగులు సరిగా పోల్చలేడని 2016లో ఇంటికి పంపిన ఒక ఆర్టీసీ డ్రైవరుకు తగిన వేరే పని ఇవ్వాలని 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మీవారి సంగతి యూనియనువారితో మాట్లాడి తెలుసుకోండి. సొంత జీపులు, టాక్సీలు తోలుకునేవారికి ఈ రక్షణ లేదు. వారు ఇంకా ముందుగా పరీక్షలు చేయించుకోవాలి, రెండో సంపాదన మార్గం గురించి ఒంట్లో బాగున్నప్పుడే ఆలోచించుకోవాలి.

స్టీరింగు దిగిన మగవాడికి వచ్చే జబ్బు ఇంకొకటుంది. నిద్ర పట్టదు, తిండి సయించదు, ఎవరితోనూ మాట్లాడడు, కొందరు తాగుడు మొదలుపెడతారు. ఇది పొగరూ కాదు, సోమరితనమూ కాదు. రెండు వారాలు దాటి ఇలాగే ఉంటే డాక్టరుకు చూపించండి. చావు మాటలు మాట్లాడితే ఒక్కరోజు కూడా ఆగవద్దు. 14416 నంబరుకు ఫోను చేస్తే టెలి మానస్ వారు ఏ వేళనైనా, డబ్బు తీసుకోకుండా మాట్లాడతారు.

మీవారితో ఎలా మాట్లాడాలంటారా? డ్యూటీ నుంచి అలసి వచ్చిన వేళ వద్దు. సెలవు రోజున, భోజనమయ్యాక, పిల్లలు లేనప్పుడు చెప్పండి. “ఉద్యోగం మాటకేం, మీ కళ్ళు నాకు కావాలి” అనండి. పరీక్షకు మీరూ వెంట వెళ్ళండి. డాక్టరు చెప్పేది ఇద్దరూ కలిసి వినండి.

బండి తోలే పాఠకులందరికీ: నలభై దాటితే ఏడాదికొకసారి కళ్ళు, చక్కెర, రక్తపు పోటు చూపించుకోండి. జలుబు మాత్రల్లో కొన్ని నిద్ర తెప్పిస్తాయి, అడిగి వేసుకోండి. రాత్రి గట్టిగా గురకపెట్టి, పగలు కునుకుపాట్లు పడేవారు ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి.